తీర్పులో మనసు ఎక్కడ దూరుతుంది?

(జూనియర్ న్యాయవాదులు, లా విద్యార్థుల కోసం ఏర్పాటైన సమావేశంలో ఒక సీనియర్ క్రిమినల్ న్యాయవాది చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసింది. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం తీర్పుల్లో, నిర్ణయాల్లో వ్యక్తిగత ఆలోచనకున్న పాత్ర. ఆహ్వానపత్రం చూసి నా మిత్రుడొకాయన ఫోన్ చేశాడు. "ఏమయ్యా, రేపటి నుంచి ఏ కోర్టు మెట్లెక్కుదామని?" అన్నాడు. భయపడాల్సిందేమీ లేదు. ఈ రోజు నేను చెప్పబోయేది చాలావరకు జడ్జీలు తమ చేత్తో తాము రాసిందే. సుప్రీంకోర్టు రిపోర్టుల్లో అచ్చయి ఉన్నదే.

ఉపోద్ఘాతం వద్దు, ఒక కేసు చెబుతాను. ఉత్తరప్రదేశ్‌లో ఒకే కుటుంబంలో నలుగుర్ని చంపారు. ముగ్గురు ముద్దాయిలకు ఉరిశిక్ష పడింది. జీతా సింగ్, కశ్మీరా సింగ్, హర్‌బన్స్ సింగ్. ఈ మూడు పేర్లూ గుర్తుపెట్టుకోండి. నేరం ఒకటే. సాక్ష్యం ఒకటే. ముగ్గురిలో ఒకడు ఎక్కువ చేశాడు, ఒకడు తక్కువ చేశాడు అనడానికి లేదు. 1975లో అలహాబాద్ హైకోర్టు ముగ్గురి ఉరినీ ఖరారు చేసింది. అక్కడిదాకా ముగ్గురి కథా ఒకటే.

సుప్రీంకోర్టుకు మాత్రం ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. జీతా సింగ్ పిటిషన్ 1976లో ఒక బెంచి ముందుకొచ్చింది. కొట్టేశారు. కశ్మీరా సింగ్ పిటిషన్ ఇంకో బెంచికి వెళ్లింది, జస్టిస్ ఫజల్ అలీ, జస్టిస్ భగవతి. శిక్ష సంగతి ఒక్కటే వింటామని విని, 1977లో ఉరిని యావజ్జీవంగా మార్చారు. హర్‌బన్స్ సింగ్ పిటిషన్ మూడో బెంచికి వెళ్లింది, జస్టిస్ సర్కారియా, జస్టిస్ షింఘల్. 1978లో కొట్టేశారు. తీర్పును మళ్లీ చూడమని రివ్యూ వేశాడు, 1980లో అదీ పోయింది. రాష్ట్రపతికి క్షమాభిక్ష పెట్టుకున్నాడు, అదీ పోయింది.

మిగిలిన ఇద్దర్నీ 1981 అక్టోబర్ 6న ఉరితీయాలని తేదీ పడింది. హర్‌బన్స్ సింగ్ ఆఖరి క్షణంలో రిట్ వేశాడు. నాతోపాటు శిక్షపడ్డ కశ్మీరాకు యావజ్జీవం చేశారు కదా, నాకెందుకు చేయరు అని అడిగాడు. స్టే వచ్చింది. జీతా సింగ్‌కు ఆ స్టే లేదు. అనుకున్న తేదీకే ఉరితీశారు.

ఇప్పుడు మీరే చెప్పండి. చట్టం మారిందా? సాక్ష్యం మారిందా? ముద్దాయిల చరిత్ర ఏమైనా మారిందా? ఏదీ మారలేదు. బెంచి మారింది, అంతే. ఒకడు చచ్చిపోయాడు, ఒకడు బతికాడు, మూడోవాడు రిట్ వేశాడు కాబట్టి మిగిలాడు. 1982లో ఆ రిట్ మీద తీర్పు రాసింది అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్. వై.వి. చంద్రచూడ్ అండి, మొన్నటి డి.వై. చంద్రచూడ్ గారి తండ్రిగారు. హర్‌బన్స్ సింగ్ శిక్ష తగ్గించమని రాష్ట్రపతికి సిఫారసు చేశారు. జీతా సింగ్‌కు ఈ తీర్పు వల్ల ఒరిగేదేమీ లేదు, అతను మనుషుల కోర్టులు దాటి వెళ్లిపోయాడనే అర్థం వచ్చేలా రాశారు. ఒక సంగతి చూడండి. 1976లో జీతా సింగ్ పిటిషన్ కొట్టేసిన బెంచిలో ఇదే చంద్రచూడ్ గారు ఉన్నారు.

ఇంకెవరున్నారో తెలుసా ఆ బెంచిలో? జస్టిస్ కృష్ణయ్యర్. అవును, ఆ కృష్ణయ్యర్ గారే. ఉరిశిక్షంటే గిట్టదని దేశమంతా ఎరిగిన మనిషి. అందుకే, దయగల జడ్జి దొరికితే బతుకుతాడు, కఠినాత్ముడు దొరికితే పోతాడు అని బార్ రూమ్‌లో టీ తాగుతూ మనం అనుకునే లెక్క ఇక్కడ కుదరదు. మరి ఏం జరిగింది? ఎస్సెల్పీ, అంటే అప్పీలుకు అనుమతి కోరే ఇలాంటి పిటిషన్, మొదటి దశలోనే కొట్టేసేటప్పుడు ఒక్క వాక్యం రాస్తారు. "డిస్మిస్డ్." కారణం ఉండదు. కారణం లేనప్పుడు ఈ బెంచి ఎందుకు వద్దంది, ఆ బెంచి ఎందుకు సరేనంది అని పక్కపక్కన పెట్టి చూడడానికి ఏముంటుంది? హర్‌బన్స్ సింగ్ పిటిషన్ విచారణకొచ్చినప్పుడు రిజిస్ట్రీ వాళ్ల ఆఫీసు నోట్‌లో కశ్మీరాకు శిక్ష తగ్గిందని రాసే ఉంది. ఫైల్లో కాగితం ఉంది. ఇదుగో ఇలా ఉందని బెంచికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది ఎవరు? మనమే. నల్లకోటు వేసుకున్నవాళ్లమే.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే. జడ్జి మనసు తీర్పులో ఉంటుందా ఉండదా అన్నది పనికిమాలిన ప్రశ్న. ఉంటుంది. ఎక్కడ దూరిందో కాగితం మీద కనబడుతోందా లేదా, అది అడగండి.

కనబడిన కేసు ఒకటి చూద్దాం. ఇది మన రాష్ట్రం కేసు. 1974 ఫిబ్రవరి, ఏడిగ అనమ్మ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం. క్రిమినల్ లా చదివినవాళ్లు ఈ పేరు వినే ఉంటారు. పల్లెటూరి మనిషి, ఇరవై నాలుగేళ్లు అటూఇటూ. ఒక స్త్రీనీ, ఆమె బిడ్డనీ చంపింది. కింది కోర్టు ఉరి వేసింది, హైకోర్టు సరేనంది. సుప్రీంకోర్టులో బెంచి జస్టిస్ కృష్ణయ్యర్, జస్టిస్ సర్కారియా. ఉరిని యావజ్జీవం చేశారు. ఎందుకు చేశారో కృష్ణయ్యర్ గారు వరసగా రాశారు. ఆడమనిషి. చిన్న వయసు. మామ కొట్టి ఇంట్లోంచి గెంటేస్తే పుట్టింట్లో తలదాచుకుంది. ఒక్కగానొక్క బిడ్డ ఉంది. రెండేళ్లకు పైగా ఉరిఖైదీ గదిలో చావు భయంతో బతికింది.

అప్పటికి చట్టం ఎలా ఉందో కూడా చూడాలి. పాత 1898 సీఆర్‌పీసీ, అంటే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, ప్రకారం హత్య కేసులో ఉరి వెయ్యకపోతే ఎందుకు వెయ్యలేదో జడ్జి రాయాలి. అంటే ఉరే మామూలు, యావజ్జీవం మినహాయింపు. 1955 సవరణలో ఆ నియమం తీసేశారు. ఏది వేసినా జడ్జి ఇష్టం. 1973 కొత్త కోడ్‌లో తిరగేసి పెట్టారు. ఉరి వేస్తే ప్రత్యేక కారణాలు రాయాలి, సెక్షన్ 354(3). ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 393(3). ఆ 1973 కోడ్ 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అనమ్మ తీర్పు ఫిబ్రవరిలో. ఇంకా రాని చట్టం ఎటు చూస్తోందో గమనించి కృష్ణయ్యర్ గారు తీర్పులో దాన్నీ ఒక కారణంగా చెప్పుకున్నారు.

ఆయన కారణాలన్నీ నాకు నచ్చుతాయా? నచ్చవు. ఆడమనిషి కాబట్టి అంటే, అదే వయసులో అన్నీ పోగొట్టుకున్న మగవాడి సంగతేంటి? అడగొచ్చు. కానీ ఎందుకు అడగగలుగుతున్నాను? ఆయన రాశారు కాబట్టి. యాభై ఏళ్ల తరవాత కూడా ఇక్కడ నిలబడి, అయ్యా, మీ మొదటి కారణం బలహీనం, మూడోది గట్టిది అని వాదించగలుగుతున్నాను. జీతా సింగ్ విషయంలో దేనితో వాదించను?

సరే, ఇలా ఒక్కో జడ్జి ఒక్కో కారణం రాసుకుంటూ పోతే ఎలా అని మీకు అనిపించాలి. అనిపించింది కూడా. 1980లో బచన్ సింగ్ కేసులో ఐదుగురు జడ్జీల ముందు వాదన అదే. ఉరికి ఒక కొలత లేదు, ప్రమాణం లేదు, కాబట్టి ఇది సమానత్వానికి విరుద్ధం అన్నారు. నలుగురు ఒప్పుకోలేదు. మెజారిటీ తీర్పు రాసింది జస్టిస్ సర్కారియా. అనమ్మ బెంచిలోనూ ఆయనే, హర్‌బన్స్ సింగ్ పిటిషన్ కొట్టేసిన బెంచిలోనూ ఆయనే. అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసు అనే మాట అక్కడ పుట్టింది. నేరాన్ని ఒక్కదాన్నే చూడొద్దు, నేరస్థుణ్ణీ చూడండి, మారే అవకాశం లేదని రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషన్ అన్నారు. ఒక పట్టిక మాత్రం ఇవ్వం అన్నారు. మనుషుల బతుకులు పట్టికలో ఇమడవని వాళ్ల వాదన. భగవతి గారు ఒక్కరే విభేదించారు. ఆయన కారణాలు 1982లో విడిగా వచ్చాయి. అందులో ఆయన చూపించిన పెద్ద ఉదాహరణల్లో ఒకటి మన జీతా, కశ్మీరా, హర్‌బన్స్ కథే.

ఆ తరవాత? పట్టిక ఇవ్వం అన్న కోర్టే 1983లో మచ్ఛీ సింగ్ కేసులో ఐదు రకాలు చెప్పింది. అక్కడితో ఆగలేదు. 1995లో రావ్‌జీ కేసులో, రాజస్థాన్ నుంచి వచ్చింది, నేరం ఎంత ఘోరమో చూడండి, నేరస్థుడి సంగతి అనవసరం అన్నారు. ఇది బచన్ సింగ్‌కు పూర్తిగా ఎదురు. దాన్ని పట్టుకుని ఇంకొన్ని ఉరిశిక్షలు ఖరారు చేశారు. రావ్‌జీని 1996లో ఉరితీశారు, ఆ వరసలోనే సూర్జా రామ్‌ను 1997లో. 2009లో బరియార్ కేసులో సుప్రీంకోర్టే, రావ్‌జీ తీర్పు చట్టం చూడకుండా ఇచ్చింది, దాన్ని అనుసరించినవీ అంతే అని చెప్పింది. 2012లో 14 మంది మాజీ జడ్జీలు రాష్ట్రపతికి రాశారు, ఇలాంటి శిక్షలు ఇంకా మిగిలున్నవి మార్చండి అని.

స్వామి శ్రద్ధానంద కేసు, కర్ణాటకది, చాలామంది పైపైన చదివి వదిలేస్తారు. 2007లో ఇద్దరు జడ్జీల బెంచి చీలింది. ఒకరు ఉరి, ఒకరు యావజ్జీవం. 2008లో ముగ్గురి ముందుకొచ్చింది. జస్టిస్ అఫ్తాబ్ ఆలమ్ అందులో దాపరికం లేకుండా రాశారు. ఉరి ఖరారు కావడం, తగ్గడం అన్నది బెంచిలో ఉన్న జడ్జీల వ్యక్తిగత మొగ్గు మీద చాలావరకు ఆధారపడుతోందని. ఇది నా మాట కాదండోయ్, మా ఫ్రెండుకు చెప్పండి. సుప్రీంకోర్టు మాట.

చిలకలూరిపేట బస్సు కేసు మీలో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. 1993 మార్చి, 23 మంది కాలిపోయారు. ఇద్దరు కుర్రాళ్లకు ఉరి, 1996లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్ష తిరస్కరించారు. మళ్లీ అర్జీలు వెళ్లాయి. 1998లో కె.ఆర్. నారాయణన్ యావజ్జీవంగా మార్చారు. రికార్డు అదే. రాష్ట్రపతి మారారు, కేంద్రంలో ప్రభుత్వమూ మారింది. క్షమాభిక్ష అంటే మంత్రివర్గం సలహానే కదా. అక్కడ కారణాలు రాయాల్సిన పనే లేదు, కాబట్టి అంతకుమించి దాని గురించి నేను చెప్పగలిగింది లేదు.

*పట్టిక పెడితే పోతుందా?*

ఇలా అంటే ఒకాయన వెంటనే అంటాడు, అన్నిటికీ రేటు పెట్టెయ్యండి, మనసుతో పనేముంది అని. రేటు పెట్టిన చోటు ఒకటి ఉంది. మోటార్ యాక్సిడెంట్ క్లెయిమ్స్. ఎమ్వీఓపీలు, అంటే ఈ ప్రమాద పరిహారం కేసులు, చేసే జూనియర్లు ఇక్కడ సగం మంది ఉంటారు. 2009 సరళా వర్మ తీర్పుకు ముందు ట్రిబ్యునల్ ట్రిబ్యునల్‌కీ లెక్క మారేది. అదే వయసు, అదే జీతం, ఒక ఊళ్లో ఒక మొత్తం, పక్క ఊళ్లో ఇంకో మొత్తం. సరళా వర్మ వచ్చి పట్టిక ఇచ్చింది. చనిపోయినవాడి వయసు 15 నుంచి 25 అయితే మల్టిప్లయర్, అంటే ఏడాది సంపాదనను ఎన్ని రెట్లు చెయ్యాలో ఆ అంకె, 18, 26 నుంచి 30 అయితే 17, అలా దిగుతూ 65 దాటితే 5. సొంత ఖర్చుల కింద పెళ్లికానివాడికి సగం, ఇద్దరు ముగ్గురు ఆధారపడ్డవాళ్లుంటే మూడో వంతు తీసెయ్యండి అంది. 2017లో ప్రణయ్ సేథీ అంత్యక్రియలకు 15,000, ఎస్టేట్ నష్టానికి 15,000, దాంపత్య సుఖం కోల్పోయినందుకు 40,000 అని అంకెలే వేసింది, మూడేళ్లకోసారి పది శాతం పెంచమంది.

మంచిదే. నేను ఈ పట్టికకు ఓటేస్తాను. భర్త పోయిన మనిషి జడ్జిగారి మూడ్ కోసం ఎదురుచూడక్కర్లేదు. కానీ మనసు పోయిందా? పోలేదు, పక్కకు జరిగింది. గుణకారానికి పట్టిక ఉంది, గుణించే అంకె ఎక్కణ్ణుంచి వస్తుంది? జీతం స్లిప్పు ఉన్నవాడికి గొడవ లేదు. ఇల్లాలు పోతే? వంట, పిల్లలు, ముసలి అత్తామామలు, పాడి. నెలకు ఎంత వేస్తారు? ఒక జడ్జి ఐదువేలంటాడు, ఒకరు పదివేలంటారు. 2021 జనవరిలో కీర్తి కేసులో మన ఎన్.వి. రమణ గారు దీని మీద విడిగా రాశారు. ఇంటిపనికి విలువ కట్టడం దయ కాదు, ఆ పనిని పనిగా గుర్తించడం అన్నారు. బాగానే రాశారు. అంకె మాత్రం ఎవరూ ఖాయం చెయ్యలేదు. కాబట్టి జూనియర్లూ, గృహిణి కేసుల్లో సాక్ష్యం పెట్టండి. ఇంట్లో ఎంతమంది, పాలు ఎన్ని లీటర్లు పోసేవాళ్లు, కుట్టుపని చేసేదా. ఆమె పోయాక పనిమనిషిని పెట్టుకుంటే ఆవిడకు ఎంతిస్తున్నారు. ఇవి చీఫ్‌లో, అంటే మన సాక్షిని మనం అడిగే దశలో, రాకపోతే జడ్జి తన ఇంట్లో వాళ్లను ఊహించుకుని అంకె వేస్తాడు. ఇంకేం చేస్తాడు పాపం?

*చట్టమే మనసుకు వదిలేసిన చోటు*

ఇంకో చోటుంది. అక్కడ చట్టమే, నీ మనసుకు అనిపిస్తే చాలు అంటుంది. పీడీ యాక్ట్, ముందస్తు నిర్బంధం చట్టం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో వచ్చింది, ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. సారా కాసేవాళ్లు, గూండాలు, డ్రగ్స్ వాళ్లు, భూకబ్జాదారులు, వీళ్లు ప్రజాశాంతికి ముప్పు అని కలెక్టర్‌కో కమిషనర్‌కో అనిపిస్తే విచారణ లేకుండా ఏడాది దాకా లోపల పెట్టొచ్చు. సబ్జెక్టివ్ శాటిస్‌ఫాక్షన్ అంటాం. కోర్టుకెళ్తే, ఆ కారణాలు చాలవు అని కోర్టు అనకూడదు. అధికారి నిజంగా బుర్రపెట్టాడా, సంబంధం లేనిది లెక్కలోకి తీసుకున్నాడా, ఇంతవరకే చూస్తుంది.

నేను ముందు చెప్పిన సిద్ధాంతం ప్రకారం ఇక్కడ భయం లేదనుకోవాలి. ఎందుకంటే కారణాలు రాసి ఐదు రోజుల్లో మనిషి చేతికివ్వాలి. పన్నెండు రోజుల్లో ప్రభుత్వం ఆమోదించాలి. సలహా మండలి చూడాలి. కాగితం బోలెడుంది. కానీ ఆ కాగితం మీరెప్పుడైనా చదివారా? తీసుకుని చదవండి. ఎఫ్ఐఆర్ నంబర్లు నాలుగు, బెయిలొచ్చిందన్న ఒక వాక్యం, ఆ తరవాత "ఇతన్ని బయట వదిలితే మళ్లీ ఇవే నేరాలు చేస్తాడని నేను తృప్తి చెందాను". పేరు మార్చి చూడండి, వేరే మనిషికి సరిగ్గా సరిపోతుంది. మనసు ఎక్కడ దూరిందో కనబడదు సరికదా, అసలు మనసు పెట్టారా అన్నదే అనుమానం.

2022లో మల్లాడ శ్రీరామ్ కేసు, తెలంగాణది. ఉద్యోగాలిప్పిస్తానని మోసం చేశాడని రెండు కేసులు. బెయిలొచ్చింది. నెలల తరవాత పీడీ ఆర్డర్. హైకోర్టు ఉంచింది, సుప్రీంకోర్టు కొట్టేసింది. మోసం నేరమే, కానీ అది ఊరి శాంతిని చెడగొట్టేది ఎలా అవుతుంది అని అడిగింది. బెయిల్ షరతులు ఉల్లంఘిస్తే బెయిల్ రద్దు చేయించుకోండి, పీడీ ఎందుకు? 2023లో అమీనా బేగం కేసులో ఇంకా గట్టిగా అన్నారు. 2024లో నేనావత్ బుజ్జి కేసులో సలహా మండళ్లు రబ్బరు స్టాంపులు కాకూడదన్నారు. తెలంగాణను వరసగా ఇలా చెప్పాల్సి వచ్చిందంటే ఆర్డర్లు ఎలా తయారవుతున్నాయో మీరు ఊహించుకోవచ్చు.

కాబట్టి నేను ఇందాక చెప్పినదానికి ఒక సవరణ. కారణం రాస్తే చాలదు. ఈ మనిషికి తప్ప ఇంకొకరికి అతకని కారణం రాయాలి.

*రెండు వాక్యాల విచారణ*

చివరిగా మన చేతుల్లో ఉన్నదానికి వస్తాను. సెషన్స్ కోర్టు. హత్య కేసు, అప్పటి 302, ఇప్పుడైతే 103. జడ్జిగారు నేరం రుజువైందన్నారు. సెక్షన్ 235(2) కింద, ఇప్పటి 258(2), శిక్ష మీద ముద్దాయిని వినాలి. ఏం జరుగుతుందో మీకు తెలుసు. బోనులో ఉన్నవాడికి అప్పటికింకా తల తిరుగుతూనే ఉంటుంది. ఆ దెబ్బ ఇంకా లోపలికి దిగలేదు. వెనక బెంచీ మీద తల్లో భార్యో ఏడుస్తుంటుంది, కోర్టు బంట్రోతు నోరు మూసుకోమని సైగ చేస్తుంటాడు. "శిక్ష విషయంలో ఏమైనా చెప్పుకుంటావా?" "నాకేం తెలీదు దొరా, పిల్లలు చిన్నోళ్లు." స్టెనో టైపు చేస్తాడు. ముద్దాయి తానే కుటుంబ పోషకుణ్ణని, కనికరించమని కోరాడు. మనం లేచి, దయతో తక్కువ శిక్ష వేయవలసిందని ప్రార్థిస్తాం. పీపీ, అంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్, లేచి, గరిష్ఠ శిక్ష వేయాలంటాడు. అయిపోయింది. భోజనం తరవాత శిక్ష.

ఈ రెండు వాక్యాల్లో జడ్జికి మనం ఏమిచ్చాం? ఏమీ ఇవ్వలేదు. అప్పుడు ఆయన దేన్ని బట్టి నిర్ణయిస్తాడు? ముద్దాయి నిలబడ్డ తీరు, ఏడ్చాడా లేదా, నిన్నటి పేపర్లో ఆ కేసు గురించి వచ్చిన వార్త. ఆ ఖాళీ మనమే వదిలాం.

2022 మే, మనోజ్ వర్సెస్ మధ్యప్రదేశ్. జస్టిస్ రవీంద్ర భట్ రాశారు. దయచేసి పూర్తిగా చదవండి, హెడ్‌నోట్ కాదు. ఉరి పడే అవకాశమున్న కేసుల్లో ట్రయల్ కోర్టు దశలోనే ముద్దాయి వయసు, చిన్నప్పటి ఇల్లు, చదువు, సంపాదన, జైల్లో నడవడిక, మానసిక పరిస్థితి మీద రిపోర్టులు తెప్పించాలన్నారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో, శిక్ష మీద అర్థవంతమైన విచారణ అంటే ఏమిటి, అదే రోజు పెడితే చాలా అన్న ప్రశ్నను ఐదుగురు జడ్జీలకు పంపారు. ఆ తీర్పు వచ్చేదాకా మనం కూర్చోవాల్సిన పని లేదు.

ఇందాక ఒక అమ్మాయి చీటీ పంపింది. "జడ్జిగారు టైమ్ ఇవ్వకపోతే ఏం చేయాలి సార్?" అని. చెబుతాను. రుజువైందనగానే లేచి, శిక్ష మీద వినడానికి గడువు కావాలని చిన్న పిటిషన్ వేయమ్మా, ముందే టైపు చేయించి జేబులో పెట్టుకో. దానికి జోడించడానికి ముందుగానే ఆ ఊరు వెళ్లి స్కూల్ సర్టిఫికెట్, రేషన్ కార్డు తెచ్చుకో, పిల్లల వయసులు రాసుకో. జైల్లో ఏమైనా పని చేస్తున్నాడా, చదువుకుంటున్నాడా కనుక్కుని సూపరింటెండెంట్‌కు లెటర్ పెట్టు. గడువు ఇవ్వకపోతే, అడిగాం, ఇవ్వలేదు అని డాకెట్‌లో, అంటే ఆ రోజు కోర్టు రికార్డులో, రాయమని మర్యాదగా అడుగు. జడ్జిగారు విసుక్కుంటారు, విసుక్కోనీ. ఆ ఒక్క లైను పట్టుకుని హైకోర్టులో గంటసేపు వాదించొచ్చు. పిటిషన్ నమూనా నా జూనియర్ దగ్గర ఉంది, కావలసినవాళ్లు తీసుకెళ్లండి.